ఊరంతటికీ వినబడాలంటే వాట్లు కాదు, బూర కొలత ముఖ్యం

పరవాడ : పెళ్లికీ, పండక్కీ, అమ్మవారి జాతరకీ, పంచాయతీ కబురుకీ మన పల్లెల్లో మైకు లేనిదే పని జరగదు. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతర మొదలైనా, సంక్రాంతి రోజుల్లో గౌరీ పరమేశ్వరుల ఉత్సవాలు జరిగినా ముందుగా కబురు వెళ్లేది మైకు సెట్టు వారికే. పూర్వం రెండు ఇనుప బూరలు, ఒక చిన్న ఆంప్లిఫయరు వస్తే ఊరంతా పాట వినేది. ఇప్పుడు లారీ నిండా పెట్టెలు, జనరేటరు, వేల వాట్ల యంత్రాలు వస్తున్నాయి. అయినా ముందు వరసలో కూర్చున్న వారికి చెవులు దిబ్బళ్లు పడుతున్నాయి గాని, చివర నిలబడ్డ వారికి మాట అర్థం కావడం లేదు.

దీనికి కారణం యంత్రం చిన్నదై కాదు, ధ్వని బయటికి పోవలసిన దారి సరిగా లేక. ఆ దారి పేరే బూర. హారన్ అన్నా, బాకా అన్నా, గొట్టం అన్నా అదే. దానికొక కొలత వుంది, లెక్క వుంది. ఆ లెక్క తెలిస్తే మైకు సెట్టు వారికి ఖర్చు తగ్గుతుంది, వినేవారికి చెవులు నిలుస్తాయి. తుపాను నాడు కరెంటు లేనప్పుడు ఊరికి కబురు చెప్పే సాధనమూ మిగులుతుంది.

దండోరా నుంచి బూర దాకా

మైకు రాక ముందు ఊరికి కబురు దండోరాతోనే అందేది. నాటకం ఆడేవారూ, హరికథ చెప్పేవారూ గొంతునే నమ్ముకునేవారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తన కథాకాలంలో ఎక్కువ భాగం మైకు లేకుండానే వేల మందిని కూర్చోబెట్టారు. అంత గొంతు అందరికీ వుండదు కదా. దూరాన వున్న వాణ్ణి కేక వేసి పిలిచేటప్పుడు రెండు చేతులూ నోటికి ఇరువైపులా దొప్పలా పట్టుకోవడం మనవాళ్లకు అలవాటు. ఆ దొప్పే మొదటి బూర. సన్నాయికి చివర వెడల్పయిన మూతి వుండడంలోనూ, తూతకొమ్ము చివరికి విచ్చుకుని వుండడంలోనూ వున్న రహస్యం కూడా ఇదే.

కరెంటుతో పలికే బూర అమెరికాలో పుట్టింది. 1915 డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడ్‌హామ్ అనే ఇద్దరు తమ లౌడ్‌స్పీకరుతో ఆరుబయట సుమారు లక్ష మందికి పాటలూ, ప్రసంగమూ వినిపించారు. ఆ తరువాత మన దేశంలోనూ జాతీయోద్యమ సభల్లో చికాగో రేడియో వారి మైకులు కనిపించాయి. 1963లో విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. ఆ రోజుల్లో పంచాయతీ రేడియోకి తగిలించిన బూర కింద సాయంత్రం వార్తల వేళకు రైతులు గుమిగూడేవారు. 1982లో ఎన్.టి.రామారావు చైతన్య రథం ఎక్కి ఊరూరా తిరిగినప్పుడు ఆయన మాటను జనానికి చేర్చిందీ లౌడ్‌స్పీకరే.

బూర చేసే పని ఏమిటి ?

బూర బలం పుట్టించదు. వున్న బలాన్ని వృథా పోకుండా బయటికి పంపుతుంది. విసనకర్రను ఆరుబయట మెల్లగా ఊపితే గాలి చుట్టూ తప్పుకుపోతుంది. చేతికి పని తగలదు. అదే సన్నని గొట్టం మూతి దగ్గర గాలిని తోస్తే తప్పించుకునే దారి లేక ముందుకే పోతుంది. స్పీకరులోని కాగితపు కోను కూడా అంతే. మామూలు పెట్టెలో బిగించిన కోనుకు 100 వాట్లు ఇస్తే ధ్వనిగా మారేది ఇంచుమించు 1 వాటు. మిగిలిన 99 తీగచుట్టను వేడెక్కించడానికే పోతాయి. సరైన బూర తగిలిస్తే 10 నుంచి 30 వాట్ల వరకు ధ్వనిగా మారుతుంది.

ధ్వని తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. 1 వాటు ఇచ్చి 1 మీటరు దూరంలో కొలిస్తే మామూలు పెట్టె 90 డెసిబెల్స్ వరకు పలుకుతుంది. ఇనుప బూర 105 నుంచి 110 వరకు పలుకుతుంది. ఇందులో కొంత లాభం ధ్వని ఒకే దిక్కుకు పోగవడం వల్ల వచ్చేది. తేడా 15, 20 అంకెలే కదా అనుకోరాదు. 10 డెసిబెల్స్ పెరగాలంటే 10 రెట్ల వాట్లు కావాలి. 20 పెరగాలంటే 100 రెట్లు కావాలి. పూర్వం 30 వాట్ల ఆంప్లిఫయరు, లారీ బ్యాటరీ పెట్టుకుని సభ జరిపించగలిగారంటే ఇదే కారణం.

యూనిట్ లోపల

బూర వెనుక మరతో బిగించే గుండ్రని బరువైన భాగాన్ని మైకు సెట్టు వారు యూనిట్ అంటారు. అందులో అయస్కాంతం, దాని సందులో సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అంటిన పలచని గిన్నెలాంటి రేకు వుంటాయి. ఈ రేకు వైశాల్యం ఎక్కువ, దాని ముందున్న రంధ్రం చిన్నది. రేకు కొద్దిగా కదిలినా అక్కడి గాలి నొక్కుకుని రంధ్రం గుండా వేగంగా పోతుంది. పిచికారీ వెనుక కర్రను కొద్దిగా నొక్కితే ముందు సన్నని మూతి నుంచి నీరు దూరంగా చిమ్మినట్లే ఇదీ.

ఇందులో ఒక చిక్కు వుంది. గిన్నె అంచు నుంచి వచ్చే ధ్వనీ, నడుమ నుంచి వచ్చే ధ్వనీ రంధ్రానికి వేర్వేరు సమయాల్లో చేరితే ఒకదానినొకటి చంపుకుంటాయి. సన్నని స్వరాలు పోతాయి. అందుకని రేకుకు ఎదురుగా సన్నని చీలికలున్న ఒక దిమ్మను అమర్చి, అన్ని వైపుల నుంచి వచ్చే దారి దూరాన్ని సమం చేశారు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో వెంట్, థురాస్ అనే ఇంజనీర్లు 1926లో రూపొందించిన యూనిట్‌లో ఈ ఏర్పాటు వుంది. మాటాడే సినిమాకు ప్రాణం పోసిన యూనిట్ అదే. ఈనాటి యూనిట్లన్నీ దాని సంతానమే అనవచ్చు.

లెక్క ఇదీ

బూర వైశాల్యం గొంతు నుంచి మూతి దాకా ఒక పద్ధతి ప్రకారం పెరగాలి. ఎక్కువగా వాడే పద్ధతిలో ప్రతి నిర్ణీత దూరానికీ వైశాల్యం రెట్టింపు అవుతుంది. ఆ దూరం ఎంత అన్నది మనకు ఏ స్వరం దాకా కావాలో దాన్ని బట్టి వుంటుంది. ధ్వని మన వేడి గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. సెకనుకు 300 కంపనాల స్వరం దాకా పలకాలంటే ప్రతి 6.3 సెంటీమీటర్లకూ వైశాల్యం రెట్టింపు కావాలి. గొంతు వద్ద 5 చదరపు సెంటీమీటర్లు వుంటే 6.3 సెంటీమీటర్ల తరువాత 10, మరో 6.3 తరువాత 20, ఇలా సాగాలి.

మూతికి కూడా కొలత వుంది. మూతి చుట్టుకొలత ఇంచుమించు ఆ స్వరం అల పొడవంత వుండాలి. 345ని 300తో భాగిస్తే 1.15 మీటర్లు. అంటే మూతి అడ్డుకొలత సుమారు 37 సెంటీమీటర్లు. గొంతు నుంచి అక్కడికి చేరడానికి ఎనిమిదిసార్లకు కాస్త తక్కువగా రెట్టింపు కావాలి కాబట్టి పొడవు అర మీటరు అవుతుంది. అంత పొడవు గొట్టం లారీలో పట్టడం కష్టం. అందుకే ఇనుప బూరలో ధ్వనిని ఒకసారి ముందుకు, మళ్లీ వెనక్కి, తిరిగి ముందుకు నడిపి మడత పెట్టారు. నడుమ కనిపించే చిన్న గంట ఆ మడతలో భాగమే.

300 కంటే కింది స్వరాలు ఈ బూరలో రావు. పాట పీలగా వినబడేది అందుకే. కాని మాటకు ఇది లోటు కాదు. మాటలో అర్థం తెలిపే హల్లుల ధ్వని చాలావరకు దానికి పైనే వుంటుంది. పాత టెలిఫోను కూడా 300 నుంచి 3400 కంపనాల దాకానే మోసేది. అయినా మాట తెలిసేది. కనుక ప్రసంగానికీ, హెచ్చరికకూ ఇనుప బూరను మించిన చవకైన సాధనం లేదు.

డోలు పలకాలంటే

తప్పెటగుళ్లకూ, డోలుకూ, సినిమా పాటకూ కింది స్వరం కావాలి. అక్కడే లెక్క పెద్దదవుతుంది. 50 కంపనాల స్వరానికి అల పొడవు 6.9 మీటర్లు. మూతి అడ్డుకొలత 2.2 మీటర్లు, అంటే ఏడడుగులు వుండాలి. వైశాల్యం రెట్టింపు కావడానికి 38 సెంటీమీటర్లు పడుతుంది. 12 అంగుళాల కోనుకు గొంతు వద్ద దాని వైశాల్యంలో సగం ఇచ్చినా బూర పొడవు 2.7 మీటర్లు, దాదాపు తొమ్మిదడుగులు అవుతుంది. అది పెట్టె కాదు, పాకే.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది నేల సాయం. పెట్టెను నేల మీద పెడితే కిందికి పోవలసిన ధ్వని కూడా ముందుకే మళ్లుతుంది. కాబట్టి మూతి సగం చాలు. నాలుగు పెట్టెలను పక్కపక్కనే తాకించి పేర్చితే నాలుగు మూతులూ కలిసి ఒక్క పెద్ద మూతిగా పనిచేస్తాయి. అప్పుడు ఒక్కొక్క పెట్టె మూతి సుమారు 70 సెంటీమీటర్ల చదరం, లోపల మడతపెట్టిన దారి అయిదడుగులు వుంటే సరిపోతుంది. అవే నాలుగు పెట్టెలను వేదికకు ఇటు రెండు, అటు రెండు విడదీస్తే ఆ లాభం పోతుంది. పైగా కొన్నిచోట్ల బాస్ ఎక్కువగా, కొన్నిచోట్ల అసలు లేకుండా వినబడుతుంది.

రెండవది గాలి తూము. సినిమా హాళ్ల కోసం 1945లో ఆల్టెక్ లాన్సింగ్ అనే అమెరికా కంపెనీ వాయిస్ ఆఫ్ ది థియేటర్ పేరుతో స్పీకర్లు తెచ్చింది. వాటిలో ఏ-7 అనే రకం నాలుగున్నర అడుగుల ఎత్తు వుంటుంది. 15 అంగుళాల కోనుకు ముందువైపు పొట్టి బూర, వెనుక గాలి గదికి ఒక తూము, పైన యూనిట్ తగిలించిన చిన్న బూర వుంటాయి. ముందు బూర నడిమి స్వరాలను బలంగా తోస్తుంది. దానికి అందని కింది స్వరాలకు తూము సాయపడుతుంది. హాలులో తెర వెనుక నుంచి మాట చివరి బెంచీ దాకా తెలిసేది ఇలాంటి ఏర్పాటుతోనే.

తూము పని తెలుసుకోవాలంటే ఖాళీ ముంత మూతి మీద ఊది చూడాలి. ముంత పెద్దదైతే స్వరం కిందికి దిగుతుంది. మెడ పొడవైనా దిగుతుంది. మూతి వెడల్పయితే పైకి పోతుంది. పెట్టెలోని గాలీ, తూము వెడల్పూ పొడవూ కలిసి ఒక స్వరాన్ని నిర్ణయిస్తాయి. ఆ స్వరం దగ్గర కోను ఎక్కువ కదలకుండానే తూము పలుకుతుంది. అంతకంటే కింది స్వరం పంపితే కోనుకు గాలి ఆసరా వుండదు. ఊరికే ఎగిరెగిరి చిరుగుతుంది. కళ్లతో చూసి పెట్టె చేయించి తూముకు నచ్చినంత కంత కొట్టిస్తే డబ్బు దండగే. పలక సన్నదైతే పెట్టె తానే వణికి బలం తినేస్తుంది. లోపల అడ్డకర్రలు వేసి, సందులు గాలి పోకుండా అతికించాలి.

యూనిట్లు ఎందుకు కాలుతున్నాయి ?

జాతర సీజనులో మైకు సెట్టు వారికి తరచు తగిలే దెబ్బ యూనిట్ కాలిపోవడం. కారణాలు రెండు. ఒకటి, బూర పలకలేని కింది స్వరాన్ని దానికి పంపడం. బూర తన కొలతకు కింది స్వరం దగ్గర రేకుకు ఆసరా ఇవ్వదు. రేకు హద్దు దాటి కదిలి పగులుతుంది. దీనికి విరుగుడు తీగకు వరసలో ఒక కెపాసిటరు వేయడం. 16 ఓముల యూనిట్‌ను 400 కంపనాల పైన మాత్రమే పలికించాలంటే సుమారు 25 మైక్రోఫారడ్లు కావాలి. 8 ఓముల యూనిట్‌ను 800 పైన పలికించడానికీ అదే విలువ వస్తుంది. ప్లస్, మైనస్ గుర్తు లేని రకమే వాడాలి.

రెండవది, చిన్న ఆంప్లిఫయరును దాని శక్తికి మించి తిప్పడం. అప్పుడు ధ్వని అల తలలు తెగి చదునవుతాయి. పాట గరగరలాడుతుంది. సన్నని స్వరాల బలం పెరిగి తీగచుట్ట వేడెక్కి మాడుతుంది. గరగర వినబడిన వెంటనే బిరడా వెనక్కి తిప్పాలి.

పెట్టెల తీగలు తలకిందులైనా బాస్ పోతుంది. ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతుంది. టార్చిలైటు సెల్ ఒకటి తీసుకుని కోను తీగలకు క్షణం తాకిస్తే కోను ముందుకు వస్తుందో, వెనక్కి పోతుందో తెలుస్తుంది. అన్ని పెట్టెలకూ ఒకే గుర్తు పెట్టుకుంటే చాలు.

కట్టే చోటు

బూర ఎక్కడ కడితే ఏమిటి అనుకోవడం పొరపాటు. మైకు కంటే బూర ముందు వుండాలి. మూతి జనం వైపు తిరగాలి. వెనుక వుంటే కీచుమని కూత పెడుతుంది. వీధి పొడుగునా 100 మీటర్లకొక బూర కట్టి ఒకే పాట వేస్తే, దూరపు బూర ధ్వని దగ్గరి బూర కంటే 0.3 సెకను ఆలస్యంగా చెవికి చేరుతుంది. మాట మీద మాట పడి ఏదీ తెలియదు. బూరలన్నీ ఒకే గడకు కట్టి వేర్వేరు దిక్కులకు తిప్పడం మేలు. లేదా ప్రతి బూరనూ చిన్నగా పెట్టి దాని దగ్గరి ఇళ్లకే వినబడేలా చూడాలి.

గాలికి ఎదురుగా ధ్వని పైకి వంగిపోతుంది. గాలి వాలున కిందికి వంగి దూరం పోతుంది. రాత్రివేళ నేల చల్లబడినప్పుడు కూడా ధ్వని కిందికి వంగుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున పక్క ఊరి గుడిలో పాట ఇక్కడి దాకా స్పష్టంగా వినబడడం వెనుక వున్న మర్మం ఇదే. పగలు సరిపోయిన బిరడా రాత్రికి ఎక్కువే అవుతుంది.

చెవికీ హద్దుంది, చట్టానికీ హద్దుంది

ఆరుబయట దూరం రెట్టింపయితే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 107 డెసిబెల్స్ పలికే బూరకు 10 వాట్లు ఇస్తే 1 మీటరు వద్ద 117, 100 మీటర్ల వద్ద 77, 400 మీటర్ల వద్ద 65 వుంటుంది. 10 వాట్లకే ఇంత. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలు మించి వింటే చెవికి చేటు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. 100 వద్ద మిగిలేది 15 నిమిషాలే. ఊరేగింపులో పెట్టెల ముందు గంటల తరబడి చిందులేసే పిల్లల చెవులు ఏమవుతాయో పెద్దలు ఆలోచించాలి. చచ్చిన వినికిడి నరం తిరిగి మొలవదు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడరాదు. 2005 జూలై 18న సుప్రీంకోర్టు కూడా ఈ కట్టడిని గట్టిగా అమలుపరచాలని తీర్పు చెప్పింది. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. బూరను జనం మీదికే తిప్పి, ఇళ్ల వైపు పోకుండా కడితే తక్కువ వాట్లతో పని జరిగి, తగువులూ తగ్గుతాయి.

ఆపద నాటి గొంతు

ఇదే నియమాల్లో ప్రజలకు ఆపద వచ్చినప్పుడు రాత్రివేళ కూడా మైకు వాడుకునే వీలుంది. పరవాడ మండలానికి ఇది చిన్న విషయం కాదు. ఒకవైపు ముత్యాలమ్మపాలెం వంటి సముద్రపు ఒడ్డు పల్లెలు, మరోవైపు ఫార్మా సిటీ వున్నాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది ప్రాణాలు పోయాయి. హెచ్చరిక చాలా పల్లెలకు సకాలంలో అందలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు కరెంటు స్తంభాలు కూలి, సెల్‌ఫోన్లు మూగవోయాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వద్ద వెంకటాపురంలో విషవాయువు లీకై 12 మంది చనిపోయినప్పుడు సైరను మోగని విషయాన్ని ప్రభుత్వం నియమించిన కమిటీ ఎత్తిచూపింది.

సైరను మోగినా ఆపద వచ్చిందని చెబుతుందే గాని ఎటు పరుగెత్తాలో చెప్పదు. అది మాటతోనే చెప్పాలి. గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో, ఏ బడిలో తలదాచుకోవాలో చెప్పడానికి వేల వాట్ల పెట్టెలు పనికిరావు. వాటికి జనరేటరు, లారీ కావాలి. పంచాయతీ కార్యాలయం మీదో, గుడి గోపురం పక్కనో, చర్చి, మసీదు మీదో వున్న ఇనుప బూరకు 12 వోల్టుల బ్యాటరీ, 30 వాట్ల ఆంప్లిఫయరు చాలు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగటున 4 ఆంపియర్ల చొప్పున లెక్కకు 15 గంటలు వస్తుంది. పాత బ్యాటరీ అయితే అందులో సగం అనుకోవాలి.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ప్రతి పంచాయతీ తన బూరలు ఎన్ని, ఎటు తిరిగి వున్నవి, ఏ వీధికి మాట చేరడం లేదు అన్నది ఒకసారి నడిచి చూసి రాసుకోవాలి. తుపాను సీజను ముందు బ్యాటరీ ఛార్జి చేయించి, తుప్పు పట్టిన తీగలు మార్పించి, కరెంటు ఆపి ఒక పూట మాట్లాడి చూడాలి. పెను గాలికి బూరలు ఎగిరిపోకుండా గడకు గట్టిగా బిగించాలి. వానలు కురిసే రోజుల్లో మూతి కాస్త కిందికి వంచితే నీరు నిలవదు. ఊళ్లోని మైకు సెట్టు వారికి ఈ పనులన్నీ తెలిసినవే. వారిని పిలిచి, కూలి ఇచ్చి, ఏడాదికి రెండుసార్లు ఈ తనిఖీ చేయించడం పంచాయతీలకు భారం కాబోదు.